కూర్చుని తింటే కండలూ కరుగుతాయి



ఈ టపాను ఒక అపరాధ నివేదనతో ప్రారంభిస్తున్నాను.

2004లో మా అమ్మ పెరట్లో జారి పడింది. అప్పటికామెకు 74 ఏళ్ళు. దైవవశాత్తు ఎముక విరగలేదు. కానీ నేను బెదిరిపోయాను. "ఇకనుంచి నువ్వేమీ చేయవద్దమ్మా, ఏం కావాలన్నా మంచం దగ్గరికే వస్తుంది" అని శాసించాను. నీళ్ళ చెంబు, కంచం, ఆఖరికి పూజకు పూలు కూడా మంచం దగ్గరికే వెళ్ళాయి. ఆరు నెలలు తిరిగేసరికి తులసికోట దాకా పదడుగులు వేయడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. "ఈ కాళ్ళు ఇప్పుడు నావి కావురా, మంచానివి" అన్నదొకనాడు. ఆ మాటలోని అర్థం నాకు చాలా ఆలస్యంగా బోధపడింది.

నా శాసనానికి శాస్త్రప్రమాణం లేకపోలేదు. భాషాప్రవీణ చదివే రోజుల్లో ఆయుర్వేద గ్రంథాలు కూడా తిరగవేసే అలవాటుండేది. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయం ఉంది. వ్యాయామాన్ని మానవలసినవారిలో వాతపిత్త రోగులు, బాలురు, అజీర్ణం కలవారితో పాటు వృద్ధులనూ చేర్చాడాయన. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలోనూ ఇటువంటి పట్టికే ఉంది. అందులో పెద్ద గొంతుతో అతిగా మాట్లాడేవారు కూడా ఉన్నారు! ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు అరిచిన బడిపంతులుకు ఇంతకంటే మంచి సాకు ఏముంటుంది?

అయితే అదే అధ్యాయంలో చరకుడు వ్యాయామానికి చెప్పిన నిర్వచనాన్ని నేను సరిగా పట్టించుకోలేదు. స్థైర్యాన్నీ బలాన్నీ కలిగించే శరీరచేష్టే వ్యాయామమని ఆయన భావం. సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేసి, తన బలంలో సగం మేరకే చేయాలని హద్దు గీశాడు. మితిమీరితే కలిగే హానిని ఆ మహానుభావులు కళ్ళారా చూసి ఉంటారు. బొత్తిగా మానేస్తే ఏమవుతుందో కొలిచి చూపే పని మాత్రం మన కాలం దాకా మిగిలిపోయింది. కోడి రామమూర్తి నాయుడుగారి కథలు వింటూ పెరిగిన మేమూ బలమంటే యువకుల సొత్తనే అనుకున్నాం.

ఆ కొలత ఎలా మొదలైందో చూడండి. వయసుతో పాటు కండ తరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు 'సార్కోపీనియా' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో సార్క్స్ అంటే మాంసం, పెనియా అంటే లేమి. మన వైద్యగ్రంథాల్లోని 'మాంసక్షయం' అన్న మాట దీనికి దగ్గరి చుట్టమే.

మరుసటి ఏడు, 1990లో, మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు బోస్టన్‌లో చేసిన ప్రయోగం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. సంరక్షణాలయంలో ఉంటున్న పదిమంది బలహీనులైన వృద్ధులు, సుమారు 90 ఏళ్ళవారు, ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులెత్తారు. పిల్లలాటకు పనికివచ్చే బరువులు కావవి. ఒక్కొక్కరు ఎత్తగలిగినదానిలో ఎక్కువ భాగమే. చివరిదాకా నిలిచినవారు తొమ్మిదిమంది. వారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మునుపటికి రెండున్నర రెట్లు దాటింది! తొడ కండరం 9 శాతం పెరిగింది. మడమను వేళ్ళకు ఆనిస్తూ నడిచే వేగం 48 శాతం హెచ్చింది.

1994లో అదే బృందం నూరుమందితో మరొక పరీక్ష చేసింది. వారి సగటు వయసు 87. పది వారాల సాధనతో బలం 113 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా పోషకాహారం మాత్రమే అదనంగా ఇచ్చినవారికి ఆ ఫలం దక్కలేదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమ్మకు పాలిచ్చాను, పళ్ళిచ్చాను, బలానికని డబ్బాల పొడులు కలిపిచ్చాను. కదలికను మాత్రం లాగేసుకున్నాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెతను పిల్లలచేత ఎన్నిసార్లు వల్లెవేయించానో! అది ఆస్తిపాస్తులకే అనుకున్నాను. కండలకూ వర్తిస్తుందని తోచలేదు.

ఇక పడిపోకుండా నిలవడం సంగతి. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో క్యాంప్‌బెల్ బృందం 80 ఏళ్ళు దాటిన 233 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టువారికి వారి ఇళ్ళకే వెళ్ళి బలానికీ నిలకడకూ తగిన వ్యాయామాలు నేర్పారు. 1997లో ప్రకటించిన ఫలితం ఇది: ఏడాదిలో వ్యాయామం నేర్పని జట్టులో 152 సార్లు పడటం జరిగితే, నేర్పిన జట్టులో 88 సార్లే. చీలమండకు చిన్న బరువు కట్టుకుని కాలు లేపడం, ఏదైనా ఆసరా దగ్గర ఒంటికాలిపై నిలవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటివే ఆ వ్యాయామాలు. 'ఒటాగో' పేరుతో అవి తరువాత దేశదేశాలకు వ్యాపించాయి. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు బలాన్నీ నిలకడనూ పెంచే అభ్యాసం చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

తేదీలు గమనించారా? నేను అమ్మను మంచానికి అప్పగించిన 2004 నాటికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన తప్ప, ఇదంతా అచ్చయి ఉంది. నా దాకా రాలేదు, నేనూ వెతకలేదు. అమ్మ 2007లో వెళ్ళిపోయింది. వ్యాయామం చేయించి ఉంటే ఇంకా ఉండేదని అనను. తులసికోట దాకా తన కాళ్ళతో తాను వెళ్ళి ఉండేదేమో.

పీట మీద కూర్చుని భోంచేసి లేవడం, వంగి ముగ్గు వేయడం, బావిలో నీళ్ళు తోడటం: వ్యాయామమన్న పేరు లేకుండానే మన పెద్దలు అభ్యసించినవి ఇవే. భోజనబల్ల, పంపు వచ్చాక ఆ పనులు పోయాయి. వాటి చోట మనం వేరేవీ పెట్టుకోలేదు.

నిరుడు పంచె కట్టుకుంటూ ఒంటికాలి మీద తూలి గోడ పట్టుకున్నాను. ఆనాడే డాక్టరుగారినడిగి మొదలుపెట్టాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, గోడ పక్కన ఒంటికాలిపై నిలవడం. మొదట్లో నాలుగుసార్లకే ఆయాసం వచ్చేది. ఇప్పుడు పదీ పూర్తవుతున్నాయి.

మీ ఇంట్లో పెద్దవారుంటే, ఈ పూట వారు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో ఒక్కసారి చూడండి. చేయి అందించే ముందు ఒక్క క్షణం ఆగండి. తమంతట తాము లేవగలరేమో!

స్వస్తి.