పంటికీ కీలుకీ నూరేళ్ల తగువు

1910 అక్టోబరు 3న మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఉపన్యసించాడు. పుచ్చిన పళ్లను బాగుచేయకుండా వాటిమీద బంగారు తొడుగులూ బ్రిడ్జిలూ బిగించే పంటివైద్యులను నిలదీశాడు. ఆ తొడుగుల కింద మగ్గే చీము రక్తహీనతకూ, కడుపు జబ్బులకూ, కీళ్లవాతానికీ కారణమన్నాడు. ఆ మాట ఆ తర్వాత పాతికేళ్లపాటు లక్షల నోళ్లను బోసినోళ్లు చేసింది.

అనుమానం మాత్రం చాలా పాతది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో అస్సీరియా రాజు ఎసర్‌హద్దోన్‌కు ఆస్థాన వైద్యుడు రాసిన లేఖ ఒకటి మట్టిపలక మీద దొరికింది. రోగి తలా చేతులూ కాళ్లూ మండిపోవడానికి పళ్లే కారణమని అందులో ఉంది. అమెరికాలో వైద్యుడు బెంజమిన్ రష్ 19వ శతాబ్దం తొలినాళ్లలో, పుచ్చుపన్ను తీశాక తుంటి వాతం తగ్గిన రోగి గురించి రాశాడు. మన ఆయుర్వేదంలో మాధవనిదానం ఆమవాతానికి మూలాన్ని నోట్లో కాక, అరగని ఆమంలో వెతికింది. చోటు వేరైనా ఆలోచన ఒకటే. కీలులో కనబడే జబ్బు కీలులోనే పుట్టనక్కర్లేదు.

హంటర్ నాటికి ఈ ఆలోచనకు సూక్ష్మజీవుల శాస్త్రం అండ దొరికింది. బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ ప్రభావంలో పనిచేసిన విల్లోబీ మిల్లర్, నోరే ఒళ్లంతటికీ అంటువ్యాధులు పంపే కేంద్రం కావచ్చని 1891లో రాశాడు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ 1912లో దీన్ని కీళ్లవాతానికీ మూత్రపిండాల జబ్బుకూ నేరుగా ముడిపెట్టాడు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ రోజెనో మేయో క్లినిక్‌లో చేరి, రోగి పంటినుంచి తీసిన స్ట్రెప్టోకాకస్‌ను జంతువుల్లోకి ఎక్కిస్తే అది వెదుక్కుంటూ పోయి వాటి కీళ్లనే పట్టుకుంటుందని వాదించాడు. క్లీవ్‌లాండ్‌లో వెస్టన్ ప్రైస్ రూట్ కెనాల్ చేసిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, 1923లో పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. ఇతర ప్రయోగశాలలు ఈ ఫలితాలను మళ్లీ రాబట్టలేకపోయాయి. ఎక్కించిన సూక్ష్మజీవుల మోతాదు విపరీతం, పోల్చి చూసుకునే ఏర్పాటు బలహీనం. ఈలోగా వైద్యుడి గదిలో తీర్పు జరిగిపోయింది. వేళ్లు వాచి వచ్చిన మనిషికి టాన్సిల్స్ తీసేవారు, తగ్గకపోతే పళ్లు, అవీ అయిపోతే సైనస్‌లు. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయంలో హెన్రీ కాటన్ ఇదే తర్కంతో మతిచలించినవారి పళ్లు పీకించి, అక్కడితో ఆగక పెద్దపేగులు కూడా కోయించాడు. వాళ్లలో ఎందరో చనిపోయారు. ఈ చరిత్రలో నేను క్షమించలేని ఘట్టం అదే.

పళ్లు పీకే ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది బయటి విమర్శకుడు కాదు. న్యూయార్క్ వైద్యుడు రస్సెల్ సెసిల్ మొదట్లో ఈ సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాడే. ఆయన 1938లో ఆంజెవిన్‌తో కలిసి 200 మంది రుమటాయిడ్ కీళ్లవాతం రోగుల వివరాలు పరిశీలించి, పళ్లూ టాన్సిల్సూ తీయించుకున్నందువల్ల చెప్పుకోదగ్గ మేలేమీ కలగలేదని ప్రకటించాడు. 1940లో రైమన్, హేవెన్స్ రాసిన సమీక్షతో సిద్ధాంతం కూలింది. 1948లో అదే మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్ ఇచ్చి మంచాన పడ్డ రోగిని నడిపించాక, పంటి గొడవ ఎవరికీ పట్టలేదు. జబ్బు బయటి క్రిమిది కాదు, మన రోగనిరోధక శక్తే మన కీళ్లమీద తిరగబడుతోందన్న అవగాహన బలపడింది.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. అవి పుట్టింది రక్తకాన్సర్ కోసం. 1951లో అమినాప్టెరిన్‌ను కీళ్లవాతంమీద ప్రయత్నించారు. 1988లో మెథోట్రెక్సేట్‌కు ఈ జబ్బుకోసం అమెరికాలో అనుమతి వచ్చింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు ఇదేదీ చూడలేదు. ప్రపంచమంతటా కీళ్లవాతం రోగులు వారానికోసారి వేసుకునే మాత్ర మెథోట్రెక్సేటే.

పంటివైద్యానికీ కీళ్లవైద్యానికీ మధ్య యాభై ఏళ్లు మాటల్లేవు. వాటిని మళ్లీ కలిపింది సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం. రుమటాయిడ్ రోగుల్లో చాలామందికి, సిట్రులిన్‌గా మారిన ప్రొటీన్లమీద దాడిచేసే యాంటీబాడీలు ఉంటాయని 1998లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపారు. ఈ జబ్బును గుర్తించే యాంటీ సీసీపీ రక్తపరీక్షకు పునాది అదే. చిగుళ్ల జబ్బు తెచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియాకు ప్రొటీన్లను ఇలా మార్చే ఎంజైమ్ సొంతంగా ఉందని మరుసటి ఏడాది తేలింది. అయితే పొగతాగడం చిగుళ్లనూ కీళ్లనూ రెంటినీ చెడగొడుతుంది కాబట్టి, రెండు జబ్బులూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని పుట్టించిందనలేం.

మరి పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చాక కీళ్లు ఎగదన్నాయనే రోగుల మాటేమిటి? ఆ మాటను కొట్టిపారేయకూడదు. పన్ను పీకితే బాక్టీరియా రక్తంలోకి వెళుతుందని 1935లోనే లండన్‌లో ఓకెల్, ఇలియట్ చూపారు. 2008లో అమెరికాలో 290 మందిమీద జరిగిన పరీక్షలో యాంటీబయాటిక్ లేకుండా పన్ను తీయించుకున్నవారిలో 60 శాతానికి, ఉత్త బ్రష్ చేసుకున్నవారిలోనే 23 శాతానికి అలా జరిగింది. 2023లో వెలువడిన మరో పరిశోధన కోసం కీళ్లవాతం ఉన్నవారు వారం వారం ఇంట్లోనే వేలికి సూది గుచ్చుకుని రక్తం పంపారు. చిగుళ్ల జబ్బు కూడా ఉన్నవారి రక్తంలో నోటి బాక్టీరియా పదేపదే కనబడింది, దానికి స్పందించే కణాల తీరు జబ్బు తిరగబెట్టినప్పటి తీరును పోలి ఉంది. అంటే పంటికుర్చీలో గడిపిన అరగంటకంటే, ఏళ్లతరబడి రక్తం కారే చిగుళ్లమీదే నాకు అనుమానం ఎక్కువ.

చికిత్స తర్వాత నొప్పి పెరగడానికి మామూలు కారణాలూ ఉన్నాయి. పన్ను తీయించుకోవాలని మందులు తామే ఆపేసేవారున్నారు, జబ్బు అందుకే తిరగబెడుతుంది. కీళ్లవాతం దవడ కీలునూ పడుతుంది కనుక చాలాసేపు నోరు తెరిచి ఉంచితే అది పట్టేస్తుంది. జబ్బు ముదిరినవారికి మెడ ఎముకలు వదులై ఉంటాయి, కుర్చీలో తల బాగా వెనక్కి వాల్చడం ప్రమాదం. వంకరపోయిన వేళ్లకు బ్రష్ పట్టు చిక్కదు, ఈ జబ్బుతో నోరెండిపోయేవారికి పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఇలా కీలు కూడా పంటిని చెడగొడుతుంది.

చిగుళ్లకు చికిత్స చేస్తే కీళ్లు కుదుటపడతాయా అని చేసిన చిన్న పరీక్షలు కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. కీళ్లకోసం మంచిపళ్లు పీకించుకోమని చెప్పే ఆధారం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చిగుళ్ల జబ్బును వదిలేయమనే ఆధారం అంతకన్నా లేదు.

కాబట్టి కీళ్లు ఎగదన్నుతాయని భయపడి పంటివైద్యం వాయిదా వేయకండి. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, బయొలాజిక్ మందులు ఏవి వాడుతున్నా పళ్ల డాక్టరుకు చెప్పండి. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ప్రాణాపాయం. పన్ను పీకించే ముందు ఏ మందు ఆపాలో, ఏది ఆపకూడదో కీళ్ల డాక్టరునే అడగండి, సొంతంగా ఏదీ ఆపకండి. పళ్ల చికిత్స జరిగిన తేదీ, కీళ్లు వాచిన తేదీ రాసిపెట్టుకుని ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.