ముందు ఇరుసు చెప్పిన చరిత్ర

మా నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరుగా పనిచేసేవారు. జీపంటే కొత్తది కాదు, సైన్యం వేలంలో వదిలించుకున్న డిస్పోజల్ జీపు. 1974 వేసవిలో పాడేరు ఘాట్ దిగుతుండగా స్టీరింగు చేతుల్లో వణకడం మొదలుపెట్టింది. నాన్న బండి ఆపి, ఎడమవైపు ముందు చక్రాన్ని పట్టుకుని ఊపితే అది వదులు పన్నులా కదిలింది. అంతకు వారం ముందే ఒకచోట ఆ చక్రానికి బేరింగులు మార్పించారు. ఆ వెనక సీట్లో నేనూ, మా అమ్మా ఉన్నాం. మరో రెండు మలుపులు తిరిగి ఉంటే ఈ టపా రాసేవాడు ఉండేవాడు కాదేమో.

కిందికి ఎలాగో చేరాక, ఒక ముసలి మేస్త్రి హబ్బు విప్పి చూశారు. ఇరుసు కొసన రెండు మరలుంటాయి. లోపలి మర బేరింగును సరిచేయడానికి, బయటి మర దాన్ని కదలకుండా బిగించడానికి. ఆ రెంటి మధ్య రేకు వాషరు ఒకటి ఉండాలి. దాని అంచును మర మీదికి వంచితేనే మర తిరగకుండా ఉంటుంది. ఆ వాషరు లేదు. "అణా ఖరీదు చెయ్యదు డ్రైవరు గారూ, దీనికోసం నాలుగు ప్రాణాలు పొయ్యేవి" అన్నారాయన.

ఆనాటి నుంచి ఈ ముందు ఇరుసు మీద నాకొక ఆసక్తి. లారీకి వెనక చక్రాలను తిప్పడం సులువు. ముందు చక్రాలతో చిక్కంతా ఏమిటంటే అవి ఇంజను బలంతో తిరగాలి, అదే సమయంలో డ్రైవరు చెప్పిన వైపుకి మళ్ళాలి. మన మెకానిక్కులు 'క్రాసు' అని పిలిచే మామూలు జాయింటు వంగిన కోణంలో బలాన్ని అందిస్తుంది కానీ సమంగా అందించదు. ముప్పై డిగ్రీల కోణంలో ఒకవైపు కడ్డీ నిమిషానికి 100 చుట్ల నిలకడ వేగంతో తిరిగితే, రెండోవైపు వేగం 87 నుంచి 115 మధ్య ఊగుతుంది. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు మందగిస్తుంది. మలుపులో స్టీరింగు గుంజినట్టు అనిపించేది అందుకే.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఆటో జాకో, ఆయన బావమరిది విలియం బెసర్‌డిక్ ఈ చిక్కుతో కుస్తీపట్టారు. జాయింటును ఒక గుండ్రటి గుండు లోపల దాచి, ఆ గుండు మీదే చక్రం మళ్ళేలా చేసి 1908లో పేటెంటు పొందారు. వారి సంస్థ తయారుచేసిన మూడు టన్నుల లారీలు మొదటి ప్రపంచయుద్ధంలో వేల సంఖ్యలో బురదదారులు తొక్కాయి.

వేగపు ఊగిసలాటకు మందు మాత్రం 1920లలో దొరికింది. ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్‌ల జంట, అమెరికాలో కార్ల్ వైస్, ఆల్‌ఫ్రెడ్ రెజెప్పా వేర్వేరు దారుల్లో ఒకే సత్యానికి చేరారు. రెండు కడ్డీలు కలిసేచోట బలం చేతులు మారే బిందువు, వాటి మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలో ఉండాలి. అప్పుడు రెండువైపులా వేగం సమానం. రెజెప్పా దీన్ని గాడుల్లో కదిలే ఆరు ఉక్కు గుళ్ళతో సాధించాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారైనప్పుడు ఒక్క రకం జాయింట్లు చాలలేదు. వైస్, రెజెప్పా, ట్రాక్టా, స్పైసర్ రకాలు నాలుగూ వాడారు. అమెరికా సైన్యం కాగితాల్లో జీపు పేరు 'పావు టన్ను ట్రక్కు' అని ఎందరికి తెలుసు?

యుద్ధం ముగిశాక మరో అవసరం పుట్టింది. మంచి రోడ్డు మీద నాలుగు చక్రాల బలం అక్కర్లేదు, అయినా ముందు ఇరుసు వృథాగా తిరిగి అరుగుతూనే ఉంటుంది. 1948లో ఆర్థర్ వార్న్ అనే అమెరికన్, చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసే హబ్బులు తయారుచేశాడు. అదే దశకం చివర మన దేశంలోనూ మహీంద్రా వారు విల్లీస్ జీపులు కూర్చడం ప్రారంభించారు.

ఈ చరిత్రంతా ఒక ఎత్తు, ఆ మేస్త్రి నేర్పింది ఒక ఎత్తు. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపమన్నారు. తరువాత ఒకరిని బ్రేకు తొక్కమన్నారు. తొక్కగానే ఊగడం ఆగితే దోషం చక్రం బేరింగులది, ఆగకపోతే కింగ్‌పిన్నులది. గుండు లోపలి గ్రీజు పాలలా తెల్లబడితే సీలు పోయి నీళ్ళు చేరాయన్నమాట. లోపలి మరను చక్రం తిప్పుతూ అది పట్టేసేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదలాలి. "మరీ బిగిస్తే కాలుద్ది, మరీ వదిలితే ఊడుద్ది. సంసారంలాగే బాబూ" అని నవ్వారు. చివర వాషరు అంచును ఉలితో వంచుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ తరువాత ఘాట్ దిగిన ప్రతిసారీ నాన్న బండి ఆపి నాలుగు హబ్బుల మీదా అరచెయ్యి ఆనించి చూసేవారు. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే ముందుకు కదిలేవారు కాదు, కాంట్రాక్టరు ఎంత అరిచినా సరే.

జాకో పేరు, రెజెప్పా పేరు పేటెంటు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. రెండు మరల మధ్య రేకు ముక్క పెట్టాలని మొదట తోచినవాడి పేరు నాకెక్కడా కనబడలేదు. ఆ ముసలి మేస్త్రి పేరు నాన్నకు తెలుసు. నేను అడిగేలోపే ఆయన వెళ్ళిపోయారు. మీ ఇళ్ళల్లో ఇలాంటి పనివాళ్ళ సంగతులు తెలిసిన పెద్దలుంటే, దయచేసి ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.