పిల్లల పెంపకం, కుంగుబాటు: అధ్యయన చరిత్ర

తల్లిదండ్రులు పెంచే తీరుకూ పిల్లల్లో వచ్చే కుంగుబాటుకూ, అంటే డిప్రెషన్‌కూ, ఉన్న సంబంధాన్ని మనస్తత్వ శాస్త్రం గట్టిగా పట్టించుకున్నది 20వ శతాబ్దం చివరి పాతికేళ్లలోనే. అంతకు ముందు పెంపకం మీద సలహాలకు కొదవ లేదు. కానీ పిల్లలకు కూడా ఈ జబ్బు వస్తుందని ఒప్పుకోవడానికే వైద్యులు చాలాకాలం తటపటాయించారు.

దూరం పెట్టమన్న కాలం

ప్రవర్తనావాదానికి ఆద్యుడైన అమెరికన్ జాన్ బి. వాట్సన్ 1928లో శిశు పెంపకంపై ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దు చేయవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, తప్పదనుకుంటే పడుకునే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున లేవగానే కరచాలనం. ఇదీ ఆయన తల్లులకు చెప్పిన పద్ధతి. ప్రేమ ఎక్కువైతే పిల్లలు పాడవుతారన్న నమ్మకమే తప్ప, అందుకు చూపిన రుజువులు బహు తక్కువ.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసినవారిలో ముఖ్యుడు వియన్నాలో పుట్టిన మనోవిశ్లేషకుడు రెనే స్పిట్జ్. 1940లలో ఆయన రెండుచోట్ల పసిపిల్లల్ని గమనించాడు. ఒకటి అనాథాశ్రమం. రెండోది, ఖైదీలైన తల్లులు తమ బిడ్డల్ని తామే చూసుకునే జైలు శిశువిహారం. ఆశ్రమంలో పాలకూ శుభ్రతకూ లోటు లేదు, ఎత్తుకునే చేతులే కరువు. అక్కడి 91 మందిలో 34 మంది రెండేళ్లు తిరక్కుండానే చనిపోయారు. జైల్లో ఒక్క బిడ్డా పోలేదు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తల్లికి దూరమైన కొందరు శిశువులు మొదట ఊరికే ఏడ్చేవారు. తర్వాత ఏడుపు కూడా మానేసి, ముఖం తిప్పుకుని పడుకునేవారు, బరువు తగ్గిపోయేవారు. కొద్ది నెలల్లో తల్లి తిరిగొస్తే కోలుకునేవారు. 1946లో స్పిట్జ్ ఈ స్థితికి డిప్రెషన్ అనే పేరే పెట్టాడు. ఆయన పరిశోధన పద్ధతిలోని లోపాలను తర్వాతివారు గట్టిగానే ఎత్తిచూపారు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ రాసిన నివేదిక ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. నేరమంతా తల్లి నెత్తిన వేసి, తండ్రిని లెక్కలోకే తీసుకోకపోవడం ఆ కాలపు పెద్ద లోటు.

ఇంత జరిగినా, అంతరాత్మ పూర్తిగా రూపుకట్టని వయసులో అసలైన కుంగుబాటు రాదని మనోవిశ్లేషకుల్లో చాలామంది 1960ల దాకా వాదించారు. మరికొందరు మొండితనం, కడుపునొప్పి, బడి ఎగ్గొట్టడం వంటివాటి చాటున అది దాక్కుని ఉంటుందన్నారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వ్యాధి నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో పెద్దల లక్షణాలనే స్వల్ప మార్పులతో పిల్లలకూ వర్తింపజేయడంతో వాదన సద్దుమణిగింది.

పెంపకాన్ని కొలవడం

ఈలోగా కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ నర్సరీ పిల్లలనూ వాళ్ల ఇళ్లనూ పరిశీలించి, 1966 నుంచి పెంపకాన్ని మూడు రకాలుగా విడదీసింది: చెప్పింది చెయ్యమనే నిరంకుశ పెంపకం, కారణం చెప్పి కట్టుబాటు నేర్పే పెంపకం, ఏదీ కాదనని పెంపకం. 1983లో మకాబీ, మార్టిన్ నాలుగోదాన్ని చేర్చారు: అసలు పట్టించుకోకపోవడం. బామ్‌రిండ్ చూసింది పిల్లల సామర్థ్యాన్నే. ఆమె వర్గీకరణకు కుంగుబాటును ముడిపెట్టింది తర్వాతివారు.

కుంగుబాటు వైపు నుంచి వచ్చినవాడు ఆస్ట్రేలియాకు చెందిన గోర్డన్ పార్కర్. 1979లో ఆయన బృందం 25 అంశాల ప్రశ్నావళి తయారుచేసింది. పదహారేళ్లు వచ్చేదాకా అమ్మ ఎలా ఉండేది, నాన్న ఎలా ఉండేవాడు అని పెద్దయినవాళ్లనే అడగడం దాని పద్ధతి. ఆదరణ ఒక కొలత, అతి అదుపు ఇంకొకటి. ఆదరణ తక్కువై అదుపు ఎక్కువైన ఇళ్లలో పెరిగినవారిలో కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. దిగులుగా ఉన్నవాడికి బాల్యం కూడా దిగులుగానే గుర్తుంటుంది కదా అన్న ఆక్షేపణ సహజంగానే వచ్చింది. అయితే 1978 నుంచి సిడ్నీలో వెంబడించిన ఒక బృందం జవాబులు ఇరవై ఏళ్లలో పెద్దగా మారలేదని 2005లో తేలింది.

అదుపు అంటే ఏమిటన్న చిక్కును కొంత విప్పింది 1996లో బ్రయన్ బార్బర్ రాసిన వ్యాసం. రాత్రి తొమ్మిదిలోపు ఇంటికి రావాలనడం ఒకరకం. మార్కులు తగ్గాయని రెండు రోజులు మాట్లాడకపోవడం, ‘నీ కోసం ఇంత చేస్తే నువ్వు మాకు చేసిందిదా’ అని దెప్పడం వేరే రకం. కుంగుబాటుతో ఎక్కువగా ముడిపడింది ఈ రెండోదే. తెలుగిళ్లలో సాధింపు అనేది దీనికి దగ్గరగా ఉంటుంది. క్రమశిక్షణ లెక్కలో వేసుకుంటారు కాబట్టి దాన్ని తప్పని ఎవరూ అనుకోరు.

కొలతలు అన్ని సమాజాలకూ సరిపోవని 1994లో రూత్ చావో చూపింది. అమెరికాలోని చైనా సంతతి తల్లులు ఈ ప్రశ్నావళుల్లో నిరంకుశులుగా తేలతారు గానీ, వాళ్ల కట్టడిలో బిడ్డ కోసం పడే పాటు కలిసే ఉంటుందని ఆమె వాదన.

ఎంత భాగం?

2007లో మెక్‌లియోడ్, వైస్, వుడ్ 45 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. పిల్లల కుంగుబాటులో కనిపించే తేడాల్లో పెంపకంతో వివరించగలిగింది 8 శాతమే. అదుపు కన్నా తిరస్కారానిదే ఎక్కువ పాత్ర. మిగతాదాంట్లో జన్యువులు, పేదరికం, బడి, స్నేహాలు అన్నీ ఉన్నాయి. పైగా ఆ 8 శాతమూ ఒకవైపు నుంచే వచ్చిందనుకోలేం. ముభావంగా ఉండే బిడ్డ తల్లిదండ్రుల్ని విసిగిస్తుంది, వాళ్ల విసుగు బిడ్డను ఇంకా ముడుచుకుపోయేలా చేస్తుంది. పిల్లలు కూడా పెద్దల్ని మారుస్తారని రిచర్డ్ బెల్ 1968లోనే హెచ్చరించాడు.

2006లో మిర్నా వైస్‌మన్ బృందం కుంగుబాటుతో ఉన్న తల్లులకు మందులిచ్చి, మూడు నెలల తర్వాత వాళ్ల పిల్లల్ని పరీక్షించింది. తల్లి కోలుకున్న ఇళ్లలో, మొదట మానసిక సమస్య నిర్ధారణ అయిన పిల్లల్లో 33 శాతం మంది బాగుపడ్డారు. తల్లి కోలుకోని ఇళ్లలో అది 12 శాతమే. పరిశోధకులు మందులిచ్చింది తల్లులకే, పిల్లలకు కాదు.