ఉదకమండలమునుండి లాహోరునకు

మా దొనకొండయొద్ద రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వము నిర్మించిన విమానాశ్రయపు నేల నేటికిని గలదు. 1939లో భారతదేశమును ఆ యుద్ధములోనికి దింపునపుడు రాజప్రతినిధి మన శాసనసభల నడుగలేదు. అందులకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు పదవులు వీడినవి. భారము మోయువా రొకరు, నిర్ణయము చేయువారు వేఱొకరు అగుట కా నేల సాక్ష్యము. ఇట్టి యన్యాయమును రాజ్యముల సభలో సరిదిద్ద యత్నించిన కథ యొకటి చదువరుల కెఱిగింపదలచితిని.

1947 మార్చి 28వ తేదీన ఐక్యరాజ్యసమితివారి ఆర్థిక సాంఘిక మండలి, ఆసియా దూరప్రాచ్య దేశములకు ఆర్థికసంఘము నొకదానిని స్థాపించెను. యుద్ధమున శిథిలమైన దేశముల పునరుద్ధరణము దాని పని. తొలిసభ్యులు పది దేశములు. అందు చైనా, భారతదేశము, ఫిలిప్పీను, సయాము అను నాలుగే సంఘపు పరిధిలోనివి. తక్కిన యాఱును అమెరికా, సోవియట్టు రష్యా, ఇంగ్లండు, ఫ్రాన్సు, హాలెండు, ఆస్ట్రేలియా. అనగా ఆసియా యింటి పంచాయతిలో ఇంటివారికంటె బయటివారి యోట్లే యెక్కువ.

పరపాలనలోనున్న ప్రదేశములకు సహసభ్యత్వము మాత్రము లభించును. సహసభ్యుడు సభలో మాటలాడవచ్చును గాని యోటు వేయరాదు. దానికైనను దరఖాస్తు పాలకదేశముద్వారా రావలెను. తన విదేశవ్యవహారములను తానే నడపుకొను ప్రదేశమైనచో స్వయముగా పెట్టుకొనవచ్చును. ఈ చిన్న నియమమే పెద్ద వివాదమునకు మూలమయ్యెను.

ఇండొనీషియావారు 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యము ప్రకటించుకొనిరి. హాలెండు దాని నంగీకరింపలేదు. 1948 జూనులో సంఘపు మూడవ సమావేశము ఉదకమండలమున జరిగెను. మా తాలూకాయు ఆ కొండయు నాడొకే మదరాసు రాష్ట్రములోనివి. నెహ్రూగారు సభను ప్రారంభించిరి. కార్యదర్శి లోకనాథన్‌గారు మదరాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించినవారు. సభ యెత్తుకొన్నది తిండి, యంత్రములు, మూలధనముల ప్రశ్న. దాని నడుమ నిలిచినది ఇండొనీషియా గణరాజ్యమునకు పీట వేయవలెనా వలదా యను ప్రశ్న. ఆర్థికసభలో రాజకీయమేల యని యడుగుట సులభమే. కాని ఒక దేశపు రబ్బరు, తగరము, నూనెలనుగూర్చి యోచించుచు ఆ దేశస్థుల నోరు మూయుటయు రాజకీయమే కదా! ప్రశ్న అచ్చట తేలక వాయిదాపడినది.

ఆ సంవత్సరము డిసెంబరులో, ఆస్ట్రేలియాలోని లాప్‌స్టోనున జరిగిన సమావేశమున, గణరాజ్యమునకు సహసభ్యత్వ మిచ్చిరి. పిమ్మట కొలదిదినములకే, 19వ తేదీన, డచ్చిసేనలు జోగ్జకార్తాపై బడి సుకర్ణోను బంధించినవి. ఓటులేని యాసనము తుపాకుల నాపజాలలేదు. అయినను ఆక్రమణకు గురియైనది తిరుగుబాటుగుంపు కాదు, రాజ్యములసభలో పీటగల గణరాజ్యమని లోకమెఱిగెను. 1949 జనవరిలో నెహ్రూగారు ఢిల్లీలో పలుదేశముల సభను పిలిచిరి. ఆ యేడు డిసెంబరు 27న హాలెండు అధికారమును వదలుకొనెను.

1951లో లాహోరు సమావేశమున మఱియొక యడుగు పడినది. ప్రధానముగా ఆసియాకు సంబంధించి, అచ్చటి దేశములలో నధికసంఖ్యాకులు కోరిన యార్థికప్రతిపాదనలకు వ్యతిరేకముగా బయటి సభ్యులు ఓటు వేయక యూరకుందురని మాట కుదిరెను. అది శాసనము కాదు, మర్యాద. ధనసంచి వారి చేతనే యుండెను. కనుకనే 1966లో పనికి దిగిన ఆసియా అభివృద్ధి బ్యాంకు, మూలధనములో నూటి కఱువదివంతులకు తగ్గకుండ ఈ ప్రాంతదేశములదే కావలెనని తన నిబంధనలలో వ్రాసికొన్నది. అయినను 1965లో బ్యాంకున కేది నివాసమని యడిగినపుడు మనిలాకు తొమ్మిది, టోకియోకు ఎనిమిది యోట్లు వచ్చినవి. పరులు తొలగినంతమాత్రమున అన్నదమ్ముల పోటీ తొలగదు.

దేశముల మాట యట్లుండనిండు. అమ్మాయి చదువు మాన్పవలెనా, పెండ్లి చేయవలెనా యని పెద్దలు కూర్చుండి తర్కించునపుడు ఆ యమ్మాయి యెచ్చట నుండును? చాలయిండ్లలో తలుపుచాటున, కొన్నియిండ్లలో సహసభ్యురాలుగ. లాహోరులో బలవంతులైన రాజ్యములే యోటు నాపుకొన నంగీకరించినవి. తల్లిదండ్రులమైన మన కది యసాధ్యమా?