మన సీమను గూర్చి రాసిన నలుగురు

మన ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనివే. ఇంకా వెనక్కి పోతే బిజాపూరు ఆదిల్ షాహీలు, వారికి ముందు విజయనగర రాయలు. కనుక ఈ ప్రాంతపు పాత సంగతులు తెలియాలంటే విజయనగరాన్ని గూర్చి రాసిన వారినే ఆశ్రయించవలసి యున్నది. వారిలో నలుగురు ముఖ్యులు. ఇద్దరు పారశీకంలో రాసినవారు, ఇద్దరు పోర్చుగీసువారు. ఎవరి మాట ఏ సంగతిలో నమ్మదగినదో చూడకుండా, ఒక పుస్తకంలోని ఒక పేజీ పట్టుకొని కొట్లాడుకునే వారిని చూస్తున్నాము. అందుకే ఈ పోలిక.

అందరికంటె ముందు వచ్చినవాడు అబ్దుర్ రజాక్. హేరాత్ నగరవాసి. తైమూరు కుమారుడు షారూఖ్ రాయబారిగా కాలికట్‌కు వచ్చి, రెండవ దేవరాయల పిలుపు మీద 1443లో విజయనగరం చేరినాడు. ఈయన రాత అంతా అలంకారం. నగరాన్ని పొగడడం మొదలు పెడితే ఒక పట్టాన ఆపడు. అయితే తన సొంత సంగతికి వచ్చేసరికి మాట సూటిగా ఉంటుంది. తనకు రోజూ ఇచ్చిన బత్తెం రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, ఐదు మణుగుల బియ్యం, రెండు బంగారు వరహాలు అని లెక్క రాసినాడు. హొర్ముజ్ వర్తకులు 'ఇతడు అసలు రాయబారే కాడు' అని పుకారు పుట్టిస్తే ఆ బత్తెం ఆగిపోయిందట. ఆ బాధను కూడా దాచుకోలేదు. మహర్నవమి ఉత్సవం, తమలపాకు వేసుకునే తీరు వంటివి ఈయన దగ్గరే చదవాలి.

పేస్ వచ్చింది కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతాన. నన్నడిగితే నలుగురిలో మంచి కన్ను ఈయనదే. చూసింది చూసినట్టు చెబుతాడు. రాయలు మధ్యరకం ఎత్తు, కొంచెం లావు, ముఖాన అమ్మవారి మచ్చలు, తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి సాము చేసేవారు అంటాడు. కొండల చాటున నగరమంతా కనబడదు గనుక ఒక కొండ ఎక్కి చూశానని, కనబడినంత మేరకే రోము నగరమంత ఉన్నదని చెబుతాడు. ఎక్కడ నిలబడి చూసినాడో చెప్పే రచయిత మాటకు విలువ ఎక్కువ. నగరం చివర ముస్లిముల పేట ఉన్నదని, వారిలో అనేకులు ఈ దేశంలో పుట్టినవారేనని, రాయల జీతం తింటూ ఆయన కావలి దళంలో ఉన్నారని ఈయనే రాసినాడు.

నూనిజ్ 1535 తర్వాత రాసినవాడు. గుర్రాల బేరగాడు. ఆ బేరగాడి బుద్ధి రాతలోనూ ఉంది. రాయలు ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలు కొనేవారని అంటాడు. 1520 నాటి రాయచూరు యుద్ధానికి ఏ నాయకుడు ఎంత సైన్యం తెచ్చినాడో వరుసగా చెబుతాడు. ఆ అంకెలు కాస్త పెంచినవే అనిపిస్తుంది. అయినా రైతును తలచుకున్నవాడు ఈయనే. పండిన దానిలో పదింట తొమ్మిది పాళ్లు దొరలకే పోయేదని రాసినాడు. అదీ అతిశయోక్తి కావచ్చు, కాని బాధ అబద్ధం కాదు.

ఇక ఫెరిష్తా. గొడవంతా ఈయన పేరు మీదనే. 1589లో బిజాపూరు చేరి, రెండవ ఇబ్రహీం ఆదిల్ షా కొలువులో ఉండి, 17వ శతాబ్దం మొదట్లో చరిత్ర రాసినాడు. కథ నడపడంలో ఈయనకు సాటి లేరు. ఆదోని కోట 1568 ప్రాంతాన ఆదిల్ షాహీల వశమైన సంగతి చెబుతూ, ఒకదానిలో ఒకటిగా పదకొండు ప్రాకారాలు, కొండ మీద మంచినీటి కొలనులు ఉండేవని వర్ణించినాడు. అది తన కొలువువారి కోట, తన కాలానికి దగ్గరి సంగతి. తెలిసిన వారిని అడిగి రాసి ఉండవచ్చు.

కాని 1366 నాటి బహమనీ మహమ్మద్ షా యుద్ధం ఈయనకు రెండు వందల ఏళ్ల పైబడిన మాట. అందులోనూ ఆదోని పేరు వస్తుంది. అవతలి రాజు బుక్కరాయలైతే ఈయన కిషన్ రాయ్ అంటాడు. రాజు పేరే తప్పినవాడు, చచ్చినవారు ఐదు లక్షలని రాస్తే ఆ అంకెను తూకం వేసి చూడొద్దా? తమ సుల్తాను గొప్ప కోసం కొలువు రచయిత పెంచిన లెక్క అది. ఆ లెక్కను ఒకరు గర్వంగానూ, మరొకరు పగగానూ పట్టుకొని కూర్చుంటారు. అదే కథ చివర ఫెరిష్తా ఇంకో మాట రాసినాడు, దాన్ని ఎవరూ ఎత్తరు. ఇకమీదట నిరాయుధులను, చిక్కినవారిని చంపరాదని ఇరుపక్షాల నడుమ ఒప్పందం జరిగిందని, దక్కనులో అది వాడుకగా నిలిచిందని.

ఆయనే రెండవ దేవరాయలను గూర్చి చెబుతూ, ముస్లిం సైనికులను కొలువులో చేర్చుకొని జాగీర్లిచ్చి, మసీదు కట్టించి, వారు సలాము చేసేందుకు వీలుగా తన గద్దె ముందు ఖురాన్ ఉంచుకొనేవారని రాసినాడు. ఇది మాత్రం కథే అని తోసిపుచ్చడానికి వీలు లేదు. దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు, దాని శాసనంతో సహా, హంపీలో ఈనాటికీ ఉంది. బళ్లారి మీదుగా హోస్పేట బస్సెక్కితే పోయి చూసి రావచ్చు.