చెరబండరాజు: పేరు వదిలేసి, ఉద్యోగం పోగొట్టుకున్న పంతులు

మఖ్దూం మొహియుద్దీన్ పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. అదే హైదరాబాద్‌లో ఉండి తెలుగులో రాసి, జైళ్లపాలై, 38 ఏళ్లకే కన్నుమూసిన చెరబండరాజు గురించి కొత్త తరానికి తెలిసింది తక్కువ.

అసలు పేరు బద్దం భాస్కరరెడ్డి. 1944లో ఘట్‌కేసర్ దగ్గర అంకుశాపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో తెలుగు పంతులుగా పనిచేశారు. 1965లో నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్నతో కలిసి ‘దిగంబర కవులు’గా బయటికొచ్చారు. కులం తెలిపే పేర్లు ఆరుగురూ వదిలేశారు. వారాలకు, రుతువులకు కూడా సొంత పేర్లు పెట్టుకున్నారు! తొలి సంపుటిని మంత్రులతో కాదు, అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడితో విడుదల చేయించారు. రెండోది విజయవాడలో, ఒక హోటల్ క్లీనర్ చేతుల మీదుగా.

అమెరికాలో బీట్ కవులు, కలకత్తాలో హంగ్రీ కవులు పెద్దమనుషుల మర్యాదల మీద తిరగబడింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. బీట్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962-63లో మన దేశంలోనే తిరిగారు. దిగంబరుల కవిత్వంలో బూతు ఎక్కువని అప్పుడే విమర్శ వచ్చింది. నిజమే, కొన్ని ఇంట్లో అందరి ముందు చదవలేం. కానీ వాళ్ల కోపం ఉత్తది కాదు.

మూడు సంపుటాల తర్వాత దారులు విడిపోయాయి. చెరబండరాజు 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరారు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖితో పాటు పీడీ యాక్ట్ కింద అరెస్టయ్యారు. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. అందులో వరవరరావుతో పాటు పౌరహక్కుల నాయకుడు ఎం.టి.ఖాన్ కూడా ముద్దాయే. కవిత్వమే నేరానికి సాక్ష్యమైంది. పంతులు ఉద్యోగం పోయింది, ఇల్లు గడవడం కష్టమైంది.

ఆయన తిట్ల కవిత్వం కంటే పాటలే జనంలోకి ఎక్కువ వెళ్లాయి. రాళ్లు కొట్టి ప్రాజెక్టులు కట్టిన కూలీల మీద రాసిన పాట ఇప్పటికీ సభల్లో వినిపిస్తుంది. శ్రీశైలం డ్యాం కింద ఊళ్లు మునగడం చూసిన మన నంద్యాల వైపు పెద్దలకు దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ‘మా పల్లె’, ‘నిప్పురాళ్ళు’ లాంటి నవలలూ రాశారు.

మెదడులో కణితితో 1982 జూలై 2న చనిపోయారు. కుట్ర కేసును కోర్టు 1989లో కొట్టేసింది.