రహదారి గుంతకు జవాబుదారీ: డెవన్ తీర్పు కథ

పాడైన రహదారి వల్ల ప్రమాదం జరిగినప్పుడు, ఆ దారిని బాగుచేయవలసినవారు బాధితునికి పరిహారం ఇవ్వాలా అన్న ప్రశ్నకు ఇంగ్లండు న్యాయస్థానాలు 1788 మొదలు నూట డెబ్బై ఏళ్లకు పైగా అక్కర్లేదనే బదులిచ్చాయి. ఈ జవాబుకు మూలం ఒక ఖాళీ బొక్కసంలో ఉందన్న సంగతి అక్కడి దారుల నిర్వహణ ఎలా సాగేదో చూస్తేగాని బోధపడదు.

నిజానికి అంతకన్నా పాత చట్టమే ఈ విషయంలో నిక్కచ్చిగా ఉండేది. 1285 నాటి వించెస్టర్ శాసనం సంతలు జరిగే ఊళ్ల మధ్య రహదారికి ఇరువైపులా 200 అడుగుల మేర పొదలు నరికించాలని ఆదేశించి, భూస్వామి ఆ పని చేయించనందువల్ల అక్కడ దోపిడీ జరిగితే అతడే జవాబు చెప్పాలని నిర్దేశించింది. 1555లో వచ్చిన రహదారుల చట్టం దారుల మరమ్మతు భారాన్ని పారిష్‌ల మీద, అంటే ఒక్కొక్క చర్చి పరిధిలోని ఊరి జనం మీద మోపింది. అరక కట్టేంత భూమి ఉన్న రైతు ఎడ్లనో గుర్రాలనో పూన్చిన బండినీ, దానితోపాటు ఇద్దరు దృఢకాయులనూ పంపాలి. భూమి లేనివాడు పార పట్టుకుని స్వయంగా రావాలి, లేదా తన బదులు మరొకరిని పంపాలి. ఏడాదికి నాలుగు రోజులుగా మొదలై 1563లో ఆరు రోజులకు పెరిగిన ఈ చాకిరీకి కూలి లేదు, పని చేయించే సర్వేయరుకు జీతమూ లేదు. దారి పాడైతే ఊరి మీద నేరం మోపి జరిమానా విధించేవారే గాని, కాలు విరిగిన బాటసారికి అందులో వాటా దక్కేది కాదు.

ఈ ఏర్పాటులోని లోపం 1788లో బయటపడింది. డెవన్ కౌంటీలో మరమ్మతు లేని వంతెన మీద తన సరుకుబండి దెబ్బతిన్నదని రస్సెల్ అనే వ్యక్తి, వంతెనల బాధ్యత కౌంటీదే గనుక, ఏకంగా డెవన్‌వాసులందరినీ ప్రతివాదులుగా చేసి దావా వేశాడు. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కెన్యన్‌కు ఎదురైన చిక్కు నిజమైనదే. కౌంటీకి ఉమ్మడి నిధి లేదు. పరిహారం ఒకరిద్దరి ఆస్తి నుంచి వసూలు చేస్తే వారు తక్కినవారి మీద దావాలు వేయవలసి వస్తుంది, ఆ వరుసకు అంతుండదు. ప్రజలందరికీ అసౌకర్యం కలగడం కన్నా ఒక్కరు నష్టపోవడమే మేలని సహ న్యాయమూర్తి ఆష్‌హర్స్ట్ అభిప్రాయపడ్డాడు. దావా వీగిపోయింది.

1835లో ఊరి చాకిరీ రద్దయి రహదారి పన్ను వచ్చింది. ఆ తరువాత ఖజానా, ఇంజనీరు, కార్యాలయం ఉన్న స్థానిక సంస్థలు ఏర్పడ్డాయి. అంటే తీర్పుకు ఆధారమైన కారణం పోయింది, తీర్పు మాత్రం నిలిచింది. న్యాయస్థానాలు దానినే ఒక సూత్రంగా మలిచి, రోడ్డు తవ్వి పూడ్చకుండా వదిలేస్తే, అంటే పనిని తప్పుగా చేస్తే బాధ్యత ఉంటుందనీ, పాతబడిన రోడ్డును అసలు ముట్టుకోకపోతే ఉండదనీ తేల్చాయి. పని చేసినవాడు చిక్కుకుని, చేయనివాడు తప్పించుకునే ఈ సూత్రం న్యాయానికి తలవంపు. పార్లమెంటు 1961లో చట్టం చేసి, 1964 ఆగస్టు నుంచి దీనిని తొలగించింది. ఇప్పటి 1980 చట్టం ప్రకారం దారిని సక్రమంగా ఉంచడం అధికార సంస్థ విధి. అందుకు తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవలసిన భారం కూడా ఆ సంస్థదే.

భారతదేశంలో ఈ ప్రశ్న మరో మలుపు తిరిగింది. కలకత్తాలోని కిద్దర్‌పూర్ ఓడల రేవు దగ్గర ప్రభుత్వ కూలీలు రోడ్డుకు అడ్డంగా మోసుకెళుతున్న ఇనుప సామగ్రి పెద్ద చప్పుడుతో కిందపడగా, ఒక నౌకా కంపెనీ బగ్గీ గుర్రం బెదిరి గాయపడింది. 1861లో తీర్పు కంపెనీకి అనుకూలంగానే వచ్చింది గాని, పాలకుడిగా చేసే సార్వభౌమ విధులు వేరు, ఎవరైనా చేయగల పనులు వేరు అనే విభజన దానితో స్థిరపడి, తరువాతి కాలంలో ప్రభుత్వాలకు కవచంగా మారింది. ఆ కవచాన్ని గట్టిగా ప్రశ్నించిన తీర్పు తెలుగు నేల నుంచి వెళ్లిన వ్యాజ్యంలోనే వెలువడింది. అధికారులు జప్తు చేసిన ఎరువులు వారి అజాగ్రత్త వల్ల పాడైపోయినందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే బాధ్యత వహించాలని, సార్వభౌమత్వం పేరుతో తప్పించుకోవడం సంక్షేమ రాజ్యానికి తగదని 1994లో నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రోడ్ల విషయంలో పార్లమెంటు 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ సెక్షన్ చేర్చింది. రోడ్డు రూపకల్పనలోగాని, నిర్మాణం, నిర్వహణలలోగాని ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో సంభవిస్తే, బాధ్యత గల అధికార సంస్థకు లేదా గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఆ సొమ్ము మృతుని ఇంటికి చేరదు, ప్రమాదాల నిధికి జమ అవుతుంది; పాత పారిష్ జరిమానాలోని లోపమే ఇందులోనూ ఉంది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మాత్రం గుంతల వల్ల, మూతలేని మ్యాన్‌హోళ్ల వల్ల మరణించినవారి కుటుంబానికి 6 లక్షలు, గాయపడినవారికి 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు చెల్లించాలనీ, ఆ మొత్తాన్ని బాధ్యులైన అధికారుల నుంచి, గుత్తేదారుల నుంచి రాబట్టాలనీ ఆదేశించింది.